ఉచిత ప్రయాణము – లెక్క చెప్పవలసిన ధనము
(వేటపాలెమున పఠనమందిర సభలో నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



1921లో మన పొరుగున చీరాల పేరాల ప్రజలు, తమ యిష్టమునకు విరుద్ధముగా విధింపబడిన మునిసిపాలిటీని, దాని పన్నులను నిరాకరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి రామనగరున పాకలలో కాపురముండిరి. వారు లోభముచే పన్ను మానలేదు. తమ యంగీకారము లేని పన్ను న్యాయము గాదనియే వారి వాదము. నేడు పన్ను విధించువారు మనమెన్నుకొన్న ప్రతినిధులే. కావున పన్ను నిరాకరించుట గాక, లెక్క యడుగుట మన ధర్మమైనది.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకము ప్రారంభమయ్యెను. పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వఱకు ఐదు తరగతుల బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. దీనిని నేను దూషింపను. నేతపని చేయు తల్లి చీరాల యాసుపత్రికి బోవుటకు ఛార్జీ యడ్డు గారాదు.

కాని "ఉచితము" అను మాటలో నొక భ్రమ గలదు. కండక్టరు ఆమె చేతికిచ్చు జీరో టిక్కెట్టు నిజమునకు ఖజానాపై వ్రాసిన బిల్లు. డీజిలు గాని, టైరు గాని ఉచితముగా రాదు. సంవత్సరమునకు సుమారు 1,942 కోట్ల రూపాయలగునని ప్రారంభమునాటి యంచనా. ఆ సొమ్ము సకాలమున చేరనిచో సంస్థ అప్పు చేయవలెను. క్రొత్త బస్సులు కొనుట యాగును. రాబడి తక్కువగల పల్లె సర్వీసు ముందు తగ్గును. అప్పుడు ఛార్జీ లేని తల్లి, రాని బస్సు కొఱకు ఎండలో నిలువవలసినదే గదా!

2020 జనవరి 1 నుండి ఆర్టీసీ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. జీతముల ఖర్చొకచోట, టిక్కెట్ల రాబడి యింకొకచోట, రాయితీల బాకీ వేఱొకచోట నుండిన, మొత్తము భారమెంతయో సామాన్యునకెట్లు తెలియును?

రాయితీ క్రొత్తది గాదు. 1849 మొదలు ఆంగ్ల రైలు కంపెనీల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి హామీ యిచ్చి, లోటును ఇండియా ఖజానానుండి పూడ్చిరి. లాభము విదేశీ వాటాదారునిది. లోటు మన రైతుది. ప్రశ్నించు హక్కు ఎవరికిని లేదు. నేటి రాయితీ ఫలము మన యాడువారికే చేరుచున్నది. అందుచేతనే దానిని లెక్కతో కాపాడుకొనవలయును.

నేను కోరునది స్వల్పము. ప్రతి మాసము ఎన్ని జీరో టిక్కెట్లిచ్చిరి, వాని విలువ యెంత, ఖజానా చెల్లించినదెంత, బాకీ యెంత, క్రొత్తగా వచ్చిన బస్సులెన్ని: ఇది యొకే పట్టికలో ప్రతి డిపో గోడపై నుండవలెను. రాజ్యాంగము 151వ అధికరణము ననుసరించి ఆడిటు నివేదిక శాసనసభకు రావలసియున్నది. అది జాప్యము లేక వచ్చి, చర్చింపబడవలెను.

2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీకి ముప్పది దినములలో ప్రత్యుత్తరమీయవలయును. లెక్క యడుగుట పథకమునకు ద్రోహము గాదు, అడుగకుండుటయే ద్రోహము. మీలో నైదుగురు ముందుకు వచ్చినచో అర్జీ నేడే, ఈ బల్లపైననే వ్రాసి పెట్టెదను.