రేపటి పేపరు ఇవాళే వస్తే

ఇవాళ ఒక పాత అమెరికన్ టీవీ సీరియల్ గురించి నాలుగు మాటలు చెబుతాను. దాని పేరు 'ఎర్లీ ఎడిషన్'. 1996 సెప్టెంబరు నుంచి 2000 మే దాకా సీబీఎస్‌లో వచ్చింది. నాలుగు సీజన్లు, 90 ఎపిసోడ్లు. నేనుండేది చికాగో దగ్గరే, ఆ కథ జరిగేదీ చికాగోలోనే. అందుకే ఈ మధ్య మా ఇంట్లో పిల్లలతో కలిసి మళ్ళీ చూస్తున్నాం.

కథ తేలికే. గ్యారీ హాబ్సన్ అనే స్టాక్ బ్రోకర్‌ని భార్య ఇంట్లోంచి వెళ్ళగొడుతుంది. హోటల్ గదిలో చేరతాడు. తెల్లవారేసరికి తలుపు బయట పిల్లి అరుపు, పక్కనే 'చికాగో సన్-టైమ్స్' పేపరు. తేదీ చూస్తే రేపటిది! ఎవరు పంపుతున్నారో తెలియదు. గ్యారీగా వేసింది కైల్ చాండ్లర్.

నిజానికి ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1944లో రెనే క్లెయిర్ తీసిన 'ఇట్ హ్యాపెన్డ్ టుమారో' సినిమాలో ఒక విలేఖరికి ఇలాగే రేపటి పేపరు అందుతుంది. అందులో తన చావు వార్తే చదువుకుంటాడు పాపం! సినిమా అయితే గంటన్నరలో ముగించేయొచ్చు. అదే ఊహని 90 వారాలు నడిపించాలంటే ఎలా? ఇయాన్ అబ్రమ్స్, ప్యాట్రిక్ పేజ్, విక్ రూబెన్‌ఫెల్డ్ అనే ముగ్గురు దీన్ని సృష్టించారు. 'ది వండర్ ఇయర్స్'కి పనిచేసిన బాబ్ బ్రష్ దీన్ని సీరియల్‌గా మలిచారు.

వాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లలోనే ఉంది అసలు కిటుకు. పేపర్లో ఏం జరిగిందో ఉంటుంది గానీ, దాన్ని ఆపే దారి ఉండదు. అగ్నిప్రమాదం, ఇద్దరి మృతి అని నాలుగు లైన్లుంటాయి. నిప్పు ఎక్కడ అంటుకుందో అతనే వెళ్ళి కనుక్కోవాలి. వెళ్ళి చెబితే ఎవరు నమ్ముతారు? పిచ్చివాడనుకుంటారు. ప్రమాదం తప్పించాడా, కళ్ళముందే హెడ్‌లైన్ మారిపోతుంది. మొదటి సీజన్లోనే ఒక ఎపిసోడ్‌లో ఒకవైపు ఒక చిన్నపిల్ల ప్రాణం, మరోవైపు విమానం నిండా ప్రయాణికులు. ఉన్నది ఒక్క మనిషి, ఒక్క రోజు.

స్నేహితులిద్దర్నీ కూడా భలే పెట్టారు. చక్‌కి పేపరు చూస్తే గుర్రప్పందేలు, షేర్ల ధరలే కనబడతాయి. మరిస్సాకి చూపు లేదు, ఆ పేపర్లో ఒక్క అక్షరం చదవలేదు. గ్యారీని నమ్మి ముందుకు తోసేది ఆవిడే.

షూటింగు కూడా చికాగోలోనే చేశారు. అదే ఈ సీరియల్‌కి ప్రాణమని నా అభిప్రాయం. ఆ చలి, నది మీద వంతెనలు, తలమీదుగా పోయే రైళ్ళు, అన్నీ నిజమైనవే. గ్యారీకి వచ్చేది ఊరి పేపరు. సాయంత్రంలోగా పరిగెత్తి చేరుకోగలిగినంత దూరంలో ఉండే వార్తలు. ప్రపంచం మొత్తాన్ని కాపాడమని అతన్నెవరూ అడగరు.

మనకీ రోజూ రేపటి పేపరు అందుతూనే ఉంది, గమనించారా? ఇండియా మనకంటే పదిన్నర, పదకొండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక ఈనాడు తెరిస్తే దాని మీద రేపటి తేదీ!

2024లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ ఆదివారం, ఇక్కడ ఇంకా శనివారం రాత్రి. మా పిన్నీ బాబాయీ అక్కడే ఉంటారు. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, మేడమీదికి ఎక్కామన్నారు. తర్వాత ఫోన్ స్విచాఫ్. నా ముందు రెండు స్క్రీన్ల నిండా వార్తలు, వీడియోలు. ఏ వీధిలో ఎంత లోతో కూడా తెలుస్తోంది. తెలిసి ఏం చేయను? పక్క మేడమీది కుర్రాడు నడుంలోతు నీళ్ళలో వెళ్ళి మంచినీళ్ళు, పాల ప్యాకెట్లు తెచ్చిచ్చాడు. బాబాయి బీపీ మాత్రలు కూడా అతనే సంపాదించాడు. అతను ఏ పేపరూ చదవలేదు. కరెంటే లేదక్కడ!

తర్వాత పిన్ని ఫోన్లో అంది: "నువ్వు దిగులుపడకురా నాన్నా, ఆ అబ్బాయి ఉన్నాడుగా."

ఆ మాట విన్నప్పటినుంచి మా వీధి నాకు వేరుగా కనబడుతోంది. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. కొడుకు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్నాడు. మంచు తుఫాను వస్తోందని వార్త చదివి అతను కూడా నాలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు గదా! పోయిన చలికాలం నుంచీ ఆవిడ గుమ్మం ముందు మంచు నేనూ మా అబ్బాయీ తీస్తున్నాం. కొడుకు నంబరు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

ఊరి పేపరు చదవడం మానకండి, అది మన ప్రాణం. దాంతోపాటు మీరుంటున్న ఊరి పేపరు కూడా రోజుకో పది నిమిషాలు చూడండి. అందులో మీరు సాయంత్రంలోగా చేరుకోగలిగిన వార్త ఒకటైనా ఉంటుంది.