ఎఱ్ఱమూత్రము: సీసాలో పట్టి చూడవలసిన విధము

ఆవుగాని గేదెగాని ఎఱ్ఱగా మూత్రము పోసినంతనే వేడిచేసినదని తలచి చలువమందులు త్రాగించుట పల్లెలలో వాడుక. మూత్రము ఎఱ్ఱనగుటకు కారణ మొక్కటి గాదు. ఒకదానికి పనికివచ్చు మందు మఱియొకదానికి పనికిరాదు. మందు తప్పి జాగైనచో కొలది దినములలోనే పశువు దక్కకపోవచ్చును. కావున మందు వెదకుటకు ముందు మూత్రమును పట్టి చూడవలెను.

సీసా తెల్లగాజుది కావలెను. నూనె, సబ్బు, మందు లేశమును లేకుండ కడిగి ఆరబెట్టవలెను. యోనికి క్రింది చర్మమును అరచేతితో మెల్లగా నిమిరినచో ఆవు చాలమాఱులు మూత్రము పోయును. మొదటిధారను విడిచి నడిమిధారను పట్టవలెను. క్రొత్తగా ఈనిన గేదెయందు గర్భాశయపు మైల మొదటిధారలో కలసి భ్రమ గొల్పును. నేలపై పడినదానిని ఎత్తి తెచ్చుట వ్యర్థము.

సీసాను కదలింపక ఒకటి రెండు గంటలు నిలుపవలెను. ఎఱుపు అడుగునకు దిగి పైన తేట యేర్పడినచో అది రక్తమే. మూత్రపిండములలోగాని మూత్రాశయములోగాని పుండో, ఱాయో ఉండవచ్చును. ఎంతసేపు నిలిపినను కాఫీ కషాయమువలె ఒకే రంగుగా నున్నచో, నెత్తురులోని ఎఱ్ఱకణములు దేహములోనే పగిలి వాని రంగు మూత్రమున దిగుచున్నదని గ్రహింపవలెను. అపాయ మిందే హెచ్చు.

అప్పుడు ధర్మామీటరుతో జ్వరము చూడవలెను. 104 డిగ్రీలకు మించిన జ్వరమును, ఒంటిపై పిడుదులును ఉన్నచో బాబీసియా యను సూక్ష్మజీవిని అనుమానింపవలెను. ఈ వ్యాధి పిడుదుల మూలమున వ్యాపించునని స్మిత్, కిల్‌బోర్న్ అను వారు అమెరికాలో 1893లో ప్రకటించిరి. పశువైద్యుడు చెవినుండి తీసిన రక్తపుచుక్కను సూక్ష్మదర్శినితో చూచి నిర్ధారణ చేయును. ఇందుకు మూత్రమొక్కటి చాలదు.

ఈనిన నెలలోపల జ్వరములేక ఇట్లు పోయు పాడిగేదెకు తఱచుగా భాస్వరపు కొఱతయే కారణము. వరిగడ్డియే మేతయైనచోట ఈ కొఱత వింత గాదు. వైద్యుడు నరములోనికి ఎక్కించు సోడియం ఆసిడ్ ఫాస్ఫేటు దీనికి మందు. తరువాత తవుడును, ఖనిజలవణముల మిశ్రమమును దాణాలో కలిపి మేపవలెను.

సీసాను ఎండలో నుంచరాదు. ఈనిన తేదీ, మూత్రము పట్టిన గంట, జ్వరపు అంకె చీటిపై వ్రాసి పశువుల ఆసుపత్రికి ఆ దినమే పంపవలెను. కనుఱెప్పల లోపలి పొరయు, చిగుళ్ళును పాలిపోయిన పశువును ఎండలో నడిపించుకొని పోరాదు. వైద్యునే కొట్టమునకు పిలిపింపవలెను.