కనరాని చుక్కను పట్టి యిచ్చిన లెక్క



దస్తరములో ఒక తేదీ తప్పినంతమాత్రమున ఏమి మునుగునని కొందరనుట మేము వినుచున్నాము. అందులకు సమాధానముగా ఆకాశమునుండి ఒక దృష్టాంతమును మీ ముందుంచెదము.

కంటికి ఒక్కటిగా తోచు చుక్కలలో పెక్కు నిజమునకు జంటలు. కొన్ని జంటలలో ఒక నక్షత్రము రెండవదానికి అడ్డముగా వచ్చినప్పుడెల్ల మనకు వెలుగు తగ్గును. ఇదియే నక్షత్రగ్రహణము. ఇందు కీడేమియు లేదు. అడ్డు వచ్చుటయే కలదు. శీతకాలపు రాత్రులందు మిక్కిలి ప్రకాశించు లుబ్ధకమునకు తూర్పున, ఆర్ కానిస్ మేజోరిస్ అను మసక చుక్క అట్టి జంట. దానికి సుమారు 27 గంటల 16 నిమిషముల కొకసారి గ్రహణము పట్టును.

అయితే నూరేండ్లకు పైబడిన లెక్కలను వరుసగా పేర్చి చూడగా, ఆ గ్రహణము కొంతకాలము ముందుగను, కొంతకాలము ఆలస్యముగను వచ్చుచున్నట్లు తేలినది. కారణమేమి? చాటింపు వేయువాడు ఒకే లయతో డప్పు కొట్టుచు పొలిమేరవైపు నడచిపోయినచో, ప్రతి దెబ్బయు మనకు మరికొంత ఆలస్యముగా వినవచ్చును; మరలి వచ్చునపుడు త్వరగా వినవచ్చును. దెబ్బలో తేడా లేదు, దూరమే మారినది. అట్లే ఈ జంటయు మనకు దూరమగుచు, దగ్గరగుచు నున్నది. కంటికి కానరాని మూడవ నక్షత్రమొకటి దానిని లాగుచున్నదన్నమాట.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన కె. డి. అభ్యంకర్ గారును, వారి సహచరులును 1984లో ప్రకటించిన అధ్యయనమున ఈ మూడవ నక్షత్రమును సూచించిరి. 2002లో పాశ్చాత్య శాస్త్రజ్ఞులు హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను జోడించి, ఒక చుట్టునకు సుమారు 93 సంవత్సరములు పట్టుననియు, గ్రహణవేళ 43 నిమిషములవరకు జరుగుననియు నిర్ణయించిరి. 2021లో టెస్ అను అంతరిక్ష దూరదర్శిని సేకరించిన వెలుగు లెక్కలనుండి, మూడు గ్రహణజంటలు కూడిన ఆరు నక్షత్రముల కుటుంబమే బయల్పడినది.

93 ఏండ్ల చుట్టును ఏ ఒక్కరు తమ యుద్యోగకాలమున చూడగలరు? ముందటి తరమువారు వేళ తప్పక వ్రాసిపెట్టుటచేతనే వెనుకటి తరమువారికి అది లభించినది. ఈ నిష్ఠ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావు గారు 1840లో వేధశాలను నెలకొల్పిరి. అచటనే అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగిపోవుటను పరిశీలించి, లెక్క వ్రాసి లోకమున కందించిరి.

మన దస్తరములును అట్టివే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాను కూల్చినపుడు మీ యూర నీరు ఎంతవరకు వచ్చినదో గోడపై గీత గీసి, తేదీ వేసియున్నారా? వేసవిలో బావి నీరు ఎన్ని అడుగుల లోతున నిలిచినదో ఏటేట వ్రాయుచున్నారా? నేడు వ్రాయని అంకెను రేపు ఎవ్వరును తిరిగి తేజాలరు. వంశధార, నాగావళి గట్లపై ఇల్లు కట్టబోవు మనుమనికి ఆ గీతయే దారి చూపును. కావున ఉన్నది ఉన్నట్లు, నాటిది నాడే వ్రాయింపుడని మా మనవి.