చెట్ల మందులు - చెరువు చేపలు
(నకరికల్లు రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిన పిమ్మట పలనాటి వ్యవసాయము రూపు మారినది. వరి, ప్రత్తి, మిరప పెరిగినవి; వాటి వెంట పురుగు, పురుగు వెంట మందు వచ్చినవి. నేడు మీలో పలువురు రసాయన మందులు తగ్గించి వేప కషాయము, వేపనూనె, పొగాకు కలిపిన అగ్నిఅస్త్రము వాడుచున్నారు. ఇది మెచ్చదగిన మార్పు. కాని "చెట్టు మందే కదా, చేపకేమగును?" అనుట మాత్రము పొరపాటు.

ఇందుకు సాక్ష్యము మన పల్లెలలోనే కలదు. పూర్వము మడుగులలో ఇప్పపిండి కలిపి చేపలను పట్టెడివారు. నేటికిని చేపపిల్లలను వదలుటకు ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపుటకు ఇప్పపిండినే వాడుదురు. మీటరు లోతు నీరున్న ఎకరా చెరువునకు సుమారు 1,000 కిలోలు పట్టును. అందలి సపోనిన్ అను పదార్థము చేప నెత్తురులోని ఎర్రకణములను పగులగొట్టును. విషము విరుగుటకు రెండు, మూడు వారములు పట్టును. అంతవరకు పిల్లలను వదలరాదు.

చేప మొప్పలతో ఊపిరి తీయును. ఆ మొప్పల పొర మిక్కిలి పలుచన. నీటిలో కలిసినది నేరుగా రక్తములో చేరును. డెర్రిస్ వేరులోని రోటెనోన్, చామంతి జాతి పూల నుండి తీసిన పైరెత్రమ్ చేపలకు అతి తీవ్రమైన విషములు. పొగాకులోని నికోటిన్ కూడ విషమే. వీటితో పోల్చిన వేప మెత్తనిది. ఎండకు త్వరగా విరుగును. అయినను మోతాదు మించి నీట కలిసినచో మొప్పలు చెడును. వేపనూనె నీటిలో కలియుటకు చేర్చు పదార్థములును కొన్ని హాని చేయును. కషాయపు పిప్పి నీటిలో క్రుళ్లి ప్రాణవాయువును హరించును.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. ఎకరాకు 10 కిలోల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, 200 లీటర్లు చేసి చల్లవలెను. పిప్పిని పొలములోనే వేయవలెను; కాలువలో పారవేయరాదు.

2. చెరువు ప్రక్క కొన్ని సాళ్లు మందు కొట్టక వదలవలెను. గాలి చెరువు వైపు వీచునపుడు, వాన వచ్చునట్లున్నపుడు చల్లరాదు.

3. వరి మడిలో మందు చల్లిన పిదప కొన్ని దినములు నీరు బయటకు పోకుండ గండ్లు మూయవలెను.

4. స్ప్రేయరును, డబ్బాలను చెరువులో గాని కాలువలో గాని కడుగరాదు.

చేపలు పైకి వచ్చి నోరు తెరచి గాలి మ్రింగుట, తిక్కగా ఈదుట, ఒంటిపై జిగురు పెరుగుట విషపు గుర్తులు. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గినను పైకి వచ్చును. కనుక ముందునాడు పై పొలములో ఎవరైనను మందు కొట్టిరా అని విచారింపుడు. మందు నీరు వచ్చు దారిని కట్టి, మంచినీరు పెట్టుడు. విషమువలన చచ్చిన చేపలను తినరాదు, అమ్మరాదు.

చెరువును పాటకు పాడుకొన్న బెస్తవాని పెట్టుబడి ఆ నీటిలోనే యున్నది. అతని బొచ్చె, శీలావతి మీ పైరు వంటివే. మీ పొలము గట్టు దాటని మందే మంచి మందు.