వేట, వాటా

మాంసం తినడం మనిషికి సహజమా కాదా అన్న తగువు మన సభల్లో ఎప్పుడూ పళ్లతో మొదలై పేగులతో ముగుస్తుంది. కోరపళ్లున్నాయి కనుక తినవచ్చని ఒకరంటే, పేగు పొడుగు కనుక కూడదని మరొకరంటారు. ఈ తగువు తేలేది కాదు, తేలినా ఒరిగేదేమీ లేదు. మనిషి మాంసమూ శాకమూ రెండూ అరిగించుకోగలడు. సమాజంలో మాంసం చేసిన పని అర్థం కావాలంటే, కోసినదాన్ని ఎవరు పంచారు, ఎవరికి ఎంత దక్కింది, ఎవరికి అసలే దక్కలేదు అని అడగాలి. ఈ ప్రసంగంలో నా వాదన ఇంతే.

ఇథియోపియాలోని గోనాలో దొరికిన రాతి పనిముట్లు సుమారు 26 లక్షల ఏళ్ల నాటివి. రాతి అంచుతో కోసిన గాట్లున్న ఎముకలూ ఆ ప్రాంతంలో దొరికాయి. మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే అయినా ఒంటికి కావలసిన శక్తిలో ఐదో వంతు లాగేస్తుంది. పేగు కుదించుకుంటే తప్ప అంత మెదడును పోషించడం సాధ్యం కాదనీ, అందుకు మాంసం లాంటి బలమైన తిండి కావాలనీ లెస్లీ ఐయెల్లో, పీటర్ వీలర్ అనే పరిశోధకులు 1995లో ప్రతిపాదించారు. మాంసమే మనిషిని మనిషిని చేసిందనే వారికి ఇదే ఆధారం. కానీ మానవశాస్త్రవేత్త రిచర్డ్ రాంగమ్ ఆ ఘనతను నిప్పుకూ వంటకూ ఇచ్చాడు. తూర్పు ఆఫ్రికా తవ్వకాల లెక్కలను 2022లో మళ్లీ సరిచూసిన పరిశోధకులకు, మెదడు పెరిగిన కాలంలో మాంసాహారం కూడా అదే తీరున పెరిగిందనడానికి గట్టి రుజువు కనబడలేదు. నాకు ఇక్కడ ముఖ్యమనిపించేది వేరు. పెద్ద జంతువు పడితే ఒక కుటుంబం తిని ముగించలేదు, దాచుకుంటే కుళ్లిపోతుంది. పంచక తప్పదు. కలహారి ఎడారిలోని కుంగ్ వేటగాళ్లలో ఒకప్పుడు మాంసం పంచే హక్కు బాణం వేసినవాడిది కాదు, ఆ బాణం ఎవరి సొత్తో వారిది. బాణాలను ఒకరికొకరు ఇచ్చుకునేవారు కనుక మొనగాడు ఒక్కడికే పెత్తనం చిక్కేది కాదు. వాళ్ల తిండిలో ఎక్కువ భాగం దుంపలూ గింజలే. అయినా కట్టుబాట్లన్నీ మాంసం చుట్టూనే అల్లుకున్నాయి.

మన దక్కనులోనూ ఇలాంటి పంపకపు జాడ ఉంది. పాలమూరు వైపు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వాడు. కొత్తరాతియుగపు పశుపాలకులు మందను తోలిన దొడ్లలో పేడ పేరుకుని, పదేపదే కాలి ఆ దిబ్బలయ్యాయి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఆచార్య కె. పద్దయ్య జరిపిన తవ్వకాల్లో దొడ్డి పక్కనే పశువులను కోసిన నేల బయటపడింది. కోత నలుగురి ఎదుట సాగిన పని అని ఆ చోటే చెబుతుంది. నేటికీ ఊళ్లలో యాటను కోసినప్పుడు వేసే పోగులు చూడండి. ప్రతి పోగులోనూ మెత్తటి కండ కొంత, బొక్క కొంత, కార్జం ముక్క, బోటి తునక పడాలి. ఒక పోగు తేలికగా కనిపిస్తే పక్కదానిలోంచి తీసి కలుపుతారు. తల ఎవరికి, తోలు ఎవరికి అన్నది ఊరి కట్టుబాటు.

ఆ కట్టుబాటును తలకెత్తుకోవలసిన పని లేదు. పోగు అందరికీ అందలేదు. ఊరికి అవతల నిలబెట్టినవారికి మిగిలింది చచ్చిన పశువు. అంబేద్కర్ 1948లో అంటరానితనం పుట్టుకకు గోమాంస భక్షణనూ చచ్చిన పశువుల మాంసాన్నీ ముడిపెట్టి రాశాడు. ఆయన సిద్ధాంతాన్ని చరిత్రకారులు పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు కానీ, 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానేయమని ఆయన ఎందుకన్నాడో అందరికీ తెలుసు. అది ఆహార సూత్రం కాదు, వాటాలో అవమానాన్ని తిరస్కరించడం. ఇక అహింస మాట. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి ప్రధాన శిలాశాసనాల్లో మొదటిది ఉంది. రాజు వంటశాలలో లక్షల ప్రాణులు తెగేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింకకు తగ్గిందనీ, ముందుముందు అవీ ఉండవనీ దాని సారం. అధికారంలో ఉన్నవాడు తన పళ్లెం నుంచే మొదలుపెట్టాడు కనుక ఆ అహింసకు గౌరవం ఉంది. పక్కవాడి పళ్లెంలోకి తొంగిచూసే అహింసకు ఆ గౌరవం దక్కదు.

ఆధునిక కాలం పోగును చెరిపేసింది. షికాగోలో 1865లో యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే భారీ పశువుల మార్కెట్ తెరిచారు. తర్వాత మంచు పెట్టెల రైళ్లు కోసిన మాంసాన్ని వెయ్యి మైళ్లు మోశాయి. అక్కడి కబేళా కార్మికుల బతుకు చూపాలని రచయిత అప్టన్ సింక్లెయిర్ 1906లో నవల అచ్చువేస్తే, అదే ఏడు అమెరికా ప్రభుత్వం మాంసం తనిఖీ చట్టం చేసింది. తినేవాడికి రక్షణ దొరికింది, కోసేవాడి గోడు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు బ్రాయిలర్ కోడి దాదాపు 40 రోజుల్లో రెండు కిలోలు తూగుతుంది. కాంట్రాక్టు పద్ధతిలో పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, రెక్కల కష్టం రైతువి. అతనికి దక్కేది కిలోకింత పెంపకం కూలి.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది: చవక కోడి వల్లే కదా పండగ కూర ఆదివారం కూర అయింది? నిజమే. 2014 నమూనా నమోదు సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. చవకతనాన్ని ఎగతాళి చేసే హక్కు నిండుకడుపులకు లేదు. అమెరికాలో తలకు ఏటా వంద కిలోలకు పైగా మాంసం సరఫరా అవుతుండగా, మన దేశంలో పది కిలోలలోపే. వాతావరణ మార్పు పేరుతో మాంసం తగ్గించుకోవలసినవాళ్లు ముందు ఎవరో ఈ అంకెలే చెబుతాయి. అయితే తగ్గిన ధరలో కొంత భాగం మరొకరి ఖాతాలోకి వెళ్లిందే. జబ్బుపడిన మనుషుల కోసం ఆఖరి ఆయుధంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ పశువులకూ వాడడాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించవలసి వచ్చింది.

కాబట్టి తినాలా మానాలా అని చట్టసభలు తీర్పు చెప్పనక్కర్లేదు. వాటా సరిగా పడేలా చూస్తే చాలు. బడి భోజనంలో గుడ్డు ఎవరి మనోభావాల కోసమూ తీసేయకూడదు. తినని పిల్లలకు పండో మరొకటో ఇవ్వవచ్చు. ప్రతి పట్టణంలో పశువైద్యుడి తనిఖీ ఉన్న కబేళా, అక్కడ పనిచేసేవారికి కత్తికి తెగని చేతితొడుగులు, కోడి రైతుకు కిలో కూలిని బేరమాడుకునే సంఘం కావాలి. ఈ మూడింటినీ రేపు మీ కౌన్సిలర్‌ను, మీ ఎమ్మెల్యేను అడగండి.