బిళ్ళల దగ్గరే ఆగిపోకండి

పట్టాలు అందుకున్న డాక్టర్లకి అభినందనలు. వాళ్ళ అమ్మానాన్నలకి ఇంకాస్త ఎక్కువ. మర్యాదలయ్యాయి కనక నా గోడు చెప్పుకుంటాను.

పిల్లల పొట్టలు స్కాన్ చెయ్యడమే నా ఉద్యోగమంతా. కడుపునొప్పని వచ్చే పిల్లల రిపోర్టుల్లో తరచూ ఒకటే మాట: మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్. ఇంటికెళ్ళేసరికి అవి 'కడుపులో బిళ్ళలు' అవుతాయి, వీధి చివరికి చేరేసరికి టీబీ అయిపోతుంది. నాయనా, నిక్షేపంలాంటి పిల్లల్లోనూ అవి కనిపిస్తాయి. అడ్డకొలత 8 మిల్లీమీటర్లు దాటకపోతే చాలావరకు వాటి మానాన వాటిని వదిలెయ్యొచ్చు. బిళ్ళలు రాశారని కాదు నా బాధ, అవి కనపడగానే ప్రోబ్ పక్కన పెట్టేశారని.

ఏడాది నిండని పాపని ఒకసారి అలాంటి రిపోర్టుతోనే తెచ్చారు. ఉన్నట్టుండి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. అది తగ్గగానే ఏమీ ఎరగనట్టు అమ్మ గొలుసు లాగుతూ ఆడుకుంటుంది. లీనియర్ ప్రోబ్‌తో కుడివైపు పెద్దపేగు వెంట పైకి వెళ్తే, కాలేయం కింద కోసిన ఉల్లిపాయలా పొరలో పొర, దాదాపు 3 సెంటీమీటర్ల వెడల్పున. పేగులోకి పేగు దూరింది. రిపోర్టులోని బిళ్ళలూ అక్కడే ఉన్నాయి, పేగుతోపాటు లోపలికి ఈడ్చుకుపోయి! స్కాన్‌లో చూసుకుంటూ మలద్వారం గుండా సెలైన్ ఎక్కించి విడదీశాం. ఆపరేషన్ అవసరం పడలేదు.

చిన్నపేగులోనే కొద్దిగా దూరి, మీరు చూస్తుండగానే విడిపోయేవీ ఉంటాయి. పిల్లాడు హుషారుగా ఉంటే వాటి కోసం సర్జన్‌ని నిద్రలేపకండి. పసిగుడ్డు ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే మాత్రం లేపండి. పేగుల ధమని చుట్టూ సిర సుడిలా మెలితిరిగి కనిపించిందా, రిపోర్టు టైపు చెయ్యడం తర్వాత, ముందు ఫోన్ తియ్యండి.

'గ్యాస్ అడ్డొచ్చింది' అని మాత్రం నాకు చెప్పకండి. ప్రోబ్‌తో మెల్లగా, కొంచెం కొంచెంగా నొక్కితే చాలాసార్లు గ్యాస్ తప్పుకుంటుంది. అపెండిక్స్‌ని అలా వెతకొచ్చని డచ్ డాక్టర్ పైలార్ట్ 1986లోనే రాశారు, మీరెవరూ పుట్టకముందు. కాకపోతే ఏడ్చే పిల్లాడి పొట్ట రాయిలా బిగుసుకుంటుంది, నొక్కనివ్వడు. అందుకని వాణ్ణి అమ్మ ఒళ్ళోనే ఉంచండి, జెల్లీ గోరువెచ్చగా చెయ్యండి. వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. ఏసీ గదిలో ఆ చల్లటి జెల్లీ నీ పొట్ట మీద ఓసారి పోసుకుని, అప్పుడు నవ్వు బాబూ.