ఫోనులోని సర్కారు
(బోనకల్ పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



వెన్నశాతం చూసే యంత్రం పెట్టిన కొత్తలో మీరు దాన్ని నమ్మలేదు. అంకె కళ్ళెదుట కనబడి, చీటీ చేతికొచ్చి, బిల్లుతో లెక్క సరిపోయాకే నమ్మారు. ప్రభుత్వ యాప్‌ల సంగతీ అంతే.

2011లో వచ్చిన మీసేవకు జనం త్వరగానే అలవాటుపడ్డారు. అక్కడ ఎదురుగా మనిషి ఉంటాడు, రశీదు ఇస్తాడు, పని కాకపోతే వెళ్ళి అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. 2025లో భారత పత్తి సంస్థ 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. అందులో స్లాటు తీసుకుంటేనే మద్దతు ధరకు కొనుగోలు. ఆ సీజనులో పొడుగు పింజ పత్తి క్వింటాలుకు 8,110 రూపాయలు మరి! రైతులు వాడారు. అది ఇష్టమా, అవసరమా? అవసరమేనని మా అభిప్రాయం.

తనిఖీలకు వెళ్ళినప్పుడు మేము చూసేది ఇంకొకటి. గేదెను సాకేది, పాలు పితికేది ఇల్లాలు. ఫోను మాత్రం కొడుకు చేతిలో. ఓటీపీ అతనికే, పాల డబ్బు పడిన కబురూ అతనికే. ఆమెకు యాప్ ఇష్టం లేదనడం న్యాయం కాదు, ఆమెను అడిగిందెవరు? గేదె చెవి బిళ్ళ మీది 12 అంకెలు గడగడ చెప్పిన తల్లిని మేము చూశాం.

కార్యదర్శులు ఈ పక్షంలోనే ఖాతాల ఫోను నంబర్లు సరిచూడాలి. సభ్యురాలి ఖాతాకు ఆమె నంబరే ఉండాలి. అమ్మలారా, ఓటీపీ కార్యదర్శికి చెప్పకండి. మాకూ చెప్పకండి.